మిగిలిన సమయం: తొమ్మిది గంటలు

ఫైళ్ళు నెమ్మదిగా ఎక్కే హార్డ్ డిస్కును మించిన మంచి వస్తువు ఈ లోకంలో ఇంకొకటి లేదు. కోపం తెచ్చుకోకండి. నా మాట పూర్తిగా వినండి. పూర్తిగా వినేంత తీరిక లేకపోతే, మీ కంప్యూటర్‌కి ఒక పాత డిస్కు తగిలించి, అన్నిటికంటే పెద్ద ఫోల్డర్‌ని కాపీకి పెట్టండి. కావలసినంత తీరిక అదే దొరుకుతుంది. అప్పుడు తాపీగా చదవండి.

కంప్యూటర్ల గురించి చెప్పడానికి నీకేం అర్హత ఉందని అడుగుతారేమో. ఏమీ లేదు. అయినా చెబుతాను! ఏమీ తెలియకుండా చెప్పేవాళ్ళ మాటలు మీరు రోజూ పేపర్లో చదువుతూనే ఉన్నారు, నేనొక్కదాన్నే చేదా?

నేను ముప్పై ఏళ్ళు ఒక టైలర్ షాపులో కాజాలు కుట్టాను. మా ఆయన ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. పగలంతా అక్షరాలు పేర్చి వచ్చిన మనిషిని ఇంట్లో కూడా అక్షరాలు అడగడం దేనికని నేను అడగలేదు. ఆయన రెండుసార్లు నేర్పిస్తానన్నాడు, నేనే పొయ్యి మీద ఏదో మాడుతోందని తప్పించుకున్నాను. ఉత్తరాలు, బిల్లులు, మందు సీసాల మీది చీటీలు, అన్నీ ఆయనే చదివి పెట్టేవాడు. ఆయన పోయాక వారం రోజులపాటు నేను మోకాళ్ళకి దగ్గు మందు రాసుకున్నాను. చీమలు వచ్చాక తెలిసింది. మోకాళ్ళ నొప్పి తగ్గలేదు గానీ, అవి ఒక్కసారి కూడా దగ్గలేదు.

అలా యాభై ఎనిమిదో ఏట పెద్దల చదువు తరగతిలో చేరాను. లైబ్రరీ మేడ మీది గది. పందొమ్మిది మందిమి. నాలుగేళ్ళు తిరిగేసరికి ఇదిగో, మీకు బుద్ధులు చెప్పేదాకా వచ్చాను. చదువు వల్ల మనిషి చెడిపోతాడని మా అమ్మ అనేది, ఆవిడ మాట ఊరికే పోలేదు.

ఇక అసలు సంగతి. పోయిన ఏడాది మా తరగతికి పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. ‘అభ్యాసకుల ప్రగతి మందకొడిగా ఉన్నందున తరగతి కొనసాగింపును పునఃపరిశీలిస్తున్నాము’ అని అందులో ఉంది. టీచరమ్మ చదువుతూ ఉంటే నా పక్కన కూర్చున్న ఇస్త్రీ వదిన నా మోచేతి మీద పొడిచింది.

“మందకొడి అంటే ఏ కోడి వదినా?”

“మనమే” అన్నాను.

అంటే, మేము నెమ్మదిగా చదువుతున్నాం కాబట్టి మా తరగతి మూసేస్తారన్నమాట. టీచరమ్మ ఊరుకోలేదు. మొదటినుంచీ ప్రతి వారం మా ఒక్కొక్కరి చేతా ఒక పేజీ చదివించి తన ఫోన్లో వీడియో తీసి తరగతి కంప్యూటర్లో దాచి ఉంచింది. మూడేళ్ళవి, రెండు వేల పైచిలుకు. మొదటి వారం ‘అ’ దగ్గర ఆగిపోయిన మనిషి మూడో ఏట పేజీ చదువుతుంటే చూసినవాళ్ళు మందకొడి అనరు కదా అని ఆమె వాదన. ఉత్తరం పంపిన ఆఫీసు తరఫున విచారించే పరిశీలకుడుగారు ఫోన్లో ఒప్పుకున్నారు. శుక్రవారం నాలుగు గంటలకు వస్తాను, అన్నీ ఒక డిస్కులో పెట్టి ఇవ్వండి, అప్పటికి ఇవ్వకపోతే నా రిపోర్టు నేను పంపేస్తాను అన్నారు.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి టీచరమ్మ డిస్కు తగిలించి, కాపీ నొక్కి, “అమ్మా, నేను స్కూలుకి వెళ్ళి మూడున్నరకి వస్తాను. మీరు చూస్తూ ఉండండి. ఏదీ ముట్టుకోకండి” అని నాకు అప్పజెప్పి వెళ్ళింది. తెర మీద ఒక చిన్న పెట్టె, అందులో ఒక ఆకుపచ్చ గీత, దాని కింద తెలుగులో: మిగిలిన సమయం, తొమ్మిది గంటలు.

తొమ్మిదికి తొమ్మిది కలిపితే సాయంత్రం ఆరు. ఆయన వచ్చేది నాలుగుకి. లెక్క నాకు అక్షరాల కంటే ముందే వచ్చు.

మీరైతే ఏం చేసేవారు? కంప్యూటర్‌ని తిట్టేవారు. నేను మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. అరగంటలోనే నాకు జ్ఞానోదయం అయింది. ఆ జ్ఞానాన్నే మీకు ఉచితంగా పంచుతున్నాను.

మొదటి సంగతి, చదువు. ఏ ఫైలు ఎక్కుతుంటే దాని పేరు ఆ పెట్టెలో కనిపిస్తుంది. ‘ఇస్త్రీ వదిన, పాఠం పన్నెండు.’ అది అక్కడ పావు నిమిషం కదలకుండా నిలబడుతుంది. సరిగ్గా నేను చదవడానికి పట్టే సమయం! నేను చివరి అక్షరం దగ్గరికి రాగానే ఇంకో పేరు వస్తుంది. నా వేగంతో నడిచే రాతను నేను అప్పటిదాకా చూడలేదు. టీవీ కింద పరుగెత్తే వార్తల్లో ఈ నాలుగేళ్ళలో ఒక్కదాని తోక కూడా నాకు కనబడలేదు. ఎవరో పెద్దమనిషి పేరు, దాని పక్కన ‘రాజీ’ దాకా నేను చదివేసరికి వాక్యం వెళ్ళిపోతుంది. ఆయన రాజీ పడ్డాడో రాజీనామా చేశాడో ఇప్పటికీ తెలియదు. ఏం చేసి ఉంటాడని అడిగితే మా లిఫ్ట్ తాత, “ఒకటి చేసి, తర్వాత రెండోది చేసుంటాడులే” అన్నాడు.

లిఫ్ట్ తాత మా తరగతిలో అందరికంటే పెద్ద. ఒక పన్నెండంతస్తుల ఆఫీసులో లిఫ్ట్ నడుపుతాడు. అంకెలు పన్నెండు దాకా కళ్ళు మూసుకుని చెబుతాడు, పదమూడు అంటే ఆలోచిస్తాడు. ఆ రోజు సెలవు పెట్టి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

రెండో సంగతి, ఆశ. పది గంటలకి మిగిలిన సమయం ఆరు గంటలైంది. సంతోషించాం. పదిన్నరకి పద్నాలుగు గంటలైంది. తాత తల పట్టుకున్నాడు గానీ, నాకు మాత్రం ఆ యంత్రం మీద గౌరవం పెరిగింది. మా ఆయనకి డాక్టరు ఆరు నెలలన్నాడు. ఆ అంకె ఒక్కరోజు కూడా పైకి వెళ్ళలేదు. మిగిలిన సమయాన్ని అడగకుండానే పెంచే చెయ్యి ఇన్నాళ్ళకి ఒకటి కనబడింది, అదీ ఒక పాత డిస్కులో. దాన్ని నేనెలా తిట్టను?

మూడో సంగతి, మర్యాద. ఇది మీరు బాగా గమనించాలి. గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ గీతను చూసి గొంతు తగ్గించారు. “పాపం, పాతది కదా” అన్నాడు తాత. “దాన్ని తొందరపెట్టకండి, వేడెక్కుతుంది.” లైబ్రరీ ఆయన ఫ్యాను దాని వైపు తిప్పి పోయాడు. నేను ‘క్ష’ దగ్గర నెల రోజులు ఆగినప్పుడు నా వైపు ఎవరూ ఫ్యాను తిప్పలేదు. తిప్పి ఉంటే ఈపాటికి డిగ్రీ పూర్తయ్యేది.

నాలుగోది, బంధుత్వం. పదకొండింటికి ఇస్త్రీ వదిన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

“కాపీ అయిందా వదినా?”

“ఎక్కడ? సగం కూడా కాలేదు.”

“పాలు విరిగాయా?”

“పాలేంటే?”

“కాపీకి పాలొద్దా మరి? కిందనే చెబుతుంటే విన్నా, పైన తొమ్మిదింటి నుంచీ కాపీ అవుతోంది అని. పందొమ్మిది మందికి కదా, ఆలస్యమవుతుందిలే అనుకున్నా.”

ఆవిడకి కాఫీ కూడా కాపీయే. విషయం చెప్పాక ఆవిడ కిందికి వెళ్ళి నిజంగానే ఫ్లాస్కు నిండా కాఫీ పట్టుకొచ్చింది. ముగ్గురం తాగుతూ గీతను చూస్తూ కూర్చున్నాం. మూడేళ్ళుగా ఒకే బల్ల మీద కూర్చున్నాం గానీ, తాతకి చిన్నప్పుడు ఈత వచ్చని, వదినకి నల్ల చొక్కాలంటే చిరాకని ఆ రోజే తెలిసింది.

ఆలోచించండి. విడిపోదామనుకున్న మొగుడూ పెళ్ళాలు పెళ్ళి ఫోటోలు చెరొక డిస్కులోకి ఎక్కించుకోవడానికి ఒక గదిలో కూర్చున్నారనుకుందాం. అది పద్నాలుగు గంటలు పట్టిందనుకుందాం. పదమూడో గంటకి ఎవరో ఒకరు ‘ఏమైనా తిన్నావా’ అని అడగరా? రెండు దేశాలవాళ్ళు యుద్ధం పటాలు కాపీ చేసుకుంటుంటే మధ్యలో కునుకు పట్టదా? పట్టాక యుద్ధమెక్కడిది? అందుకే, ఇంటికొక నాసిరకం కేబుల్ ప్రభుత్వమే పంచిపెట్టాలని నా డిమాండు.

ఇంతటి మేలు చేసే వస్తువుని బాగుచేయాలనుకునేవాళ్ళూ ఉంటారు! పన్నెండింటికి వీధి చివర షాపులో ఉండే రిపేరమ్మాయికి తాత ఫోన్ చేశాడు. నేను వద్దన్నాను. అయినా చేసి, ఫోను నా చేతికే ఇచ్చాడు.

“కేబుల్ మార్చి చూశారా పిన్నీ?”

లైబ్రరీ ఆయన దగ్గర ఇంకొకటి తెచ్చి, ఆమె చెప్పినట్టు ఆపి, మార్చి, మళ్ళీ మొదలుపెట్టాం. ఏ మార్పూ లేదు. తీగకేం పాపం తెలుసు?

“వైరస్‌ని పట్టుకునే ప్రోగ్రాం ఒకటుంటుంది. ప్రతి ఫైలునీ ఆపి వెతుకుతుంది. దాన్ని కాసేపు ఆపుదామా?”

నేను ఒప్పుకోలేదు. గేటు దగ్గర కాపలావాడు సంచులు వెతకడం మానేస్తే ఇంక వాడికి జీతమెందుకు?

“పోనీ చిన్న చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటే ఒక్కొక్కదానికీ పుస్తకంలో పేరు రాసుకున్నట్టు టైం పడుతుంది. అన్నీ కలిపి ఒకే మూటగా కట్టి పంపొచ్చు.”

దానికి అసలే ఒప్పుకోలేదు. మా పందొమ్మిది మందినీ ఒకే మూటగా కట్టడం ఆఫీసువాళ్ళు ఎప్పుడో చేశారు. మేం పేరు పేరునా వెళ్ళాలనే కదా ఈ పాట్లన్నీ.

“సరే, మూడింటికి వచ్చి చూస్తాను. అప్పటిదాకా దాన్ని కదపకండి” అంది ఆ పిల్ల. గొంతులో కొంచెం విసుగు ఉంది. నాకు నచ్చింది. ఇంట్లో మనిషిలా అనిపించింది.

మూడింటికి పది నిమిషాలుంది. మిగిలిన సమయం మూడున్నర గంటలు. ఇప్పుడు మాత్రం నిజం చెబుతాను. అప్పటిదాకా మీకు చెప్పిన జ్ఞానమంతా ఎటు పోయిందో తెలియదు. ఆయన వచ్చి డిస్కు ఇమ్మంటే ఏమివ్వాలి? వదిన కాఫీ ఫ్లాస్కు మూత తిప్పుతూ, బిగిస్తూ, తిప్పుతూ ఉంది. “తరగతి మూసేస్తే నేను చదివిందంతా మర్చిపోతాను వదినా. ఇంట్లో ఎవరు చదివిస్తారు?” అంది.  గీత వైపు చూసి, ఎవరూ వినకుండా దాన్ని ఒక బూతు మాట అన్నాను. మా టైలర్ షాపులో నేర్చుకున్నది.

రిపేరమ్మాయి వచ్చీ రాగానే బల్ల కిందకి దూరింది.

“డిస్కు ఎక్కడ గుచ్చారు?”

“వెనకాల, కీబోర్డు తీగ పక్కన.”

“అది పాత పోర్టు పిన్నీ, పిల్లకాలువ. ముందువైపు నీలం రంగుది ఒకటుండాలి, అది చాలా స్పీడు.”

“ముందు అలాంటిదేం లేదమ్మా. మూడేళ్ళుగా చూస్తున్నాను.”

“మరి ఈ కాగితం ఏంటి?”

ఆ కాగితం నాదే. చదువు మొదలుపెట్టిన ఏడాది టీచరమ్మ మాకొక పని చెప్పింది. నేర్చుకున్న ప్రతి మాటనీ కాగితం మీద రాసి ఆ వస్తువుకి అంటించండి అని. నాకు ఉత్సాహం ఎక్కువ. తలుపు, కుర్చీ, గడియారం, కిటికీ, ఏదీ వదల్లేదు. లైబ్రరీ ఆయన వీపు తప్పించుకుంది. కంప్యూటర్ వచ్చిన రోజు టీచరమ్మ మౌసుని చూపించి ఎలుక అంది. దాని తీగ ఒక నీలం రంధ్రంలోకి వెళుతోంది. ఎలుక వెళ్ళేది ఎక్కడికి? నేను అందంగా ‘ఎలుక కన్నం’ అని రాసి, తీగనీ రంధ్రాన్నీ కలిపి, ఊడిపోకుండా గట్టి జిగురుతో అంటించాను. పైగా ‘న’ కింద ఒత్తు పెట్టడం మర్చిపోయాను. ‘ఎలుక కనం’ అయింది.

మూడేళ్ళుగా దాన్ని చదివినవాళ్ళందరూ అది ఏదో సూచన అనుకున్నారు. “నేను గదిలో ఎలుకలు లేవని రాశారనుకున్నాను” అన్నాడు తాత. “అందుకే ధైర్యంగా అన్నం డబ్బా కింద పెట్టేవాణ్ణి.”

రాజమార్గం లాంటి కన్నాన్ని ఎలుకకి ఇచ్చి, డిస్కుని పిల్లకాలువలో ఈదించిన మనిషిని నేనే. ఎలుకకి ఆ స్పీడుతో పనే లేదట, ఎక్కడ పెట్టినా అది నా చెయ్యి కదిలినంతే కదులుతుందట. ముప్పై ఏళ్ళు కాజాలు కుట్టాను, ఏ గుండీ ఏ కాజాలోకో నాకు తెలియలేదు. చొక్కా మొత్తం ఒక గుండీ తప్పుగా పెట్టుకుని ఊరంతా తిరిగి, పైగా అదే ఫ్యాషనని పొద్దున్నుంచీ మీకు ఉపన్యాసం ఇస్తున్నాను.

“మధ్యాహ్నం తీగ మార్చినప్పటిలాగే, ఇప్పుడూ ఎక్కినవి పోవు కదా?” అని అడిగాను.

“పోవు. ఎక్కినవి ఉంటాయి. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, ఉన్నవి వదిలేసి లేనివి ఎక్కించమని చెబుతాం.”

కాగితాన్ని ఆమె గోటితో గీకింది. నా జిగురు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. తాత జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. ఎలుకని వెనక్కి, డిస్కుని ముందుకి. మళ్ళీ పెట్టె తెరుచుకుంది. మిగిలిన సమయం, నాలుగు నిమిషాలు.

నాలుగే! పేర్లు రైలు కిటికీల్లా పరుగెత్తాయి. ఒక్కటీ చదవలేకపోయాను. నా పేరు ఎప్పుడు వెళ్ళిందో కూడా చూడలేదు. వదిన తాత భుజం మీద కొట్టింది, ఎందుకు కొట్టిందో ఆవిడకీ తెలియదు. నేను ఏడవలేదని మాత్రం రాసుకోండి.

సరిగ్గా నాలుగుకి పరిశీలకుడుగారు వచ్చారు. అప్పటికి టీచరమ్మ కూడా వచ్చింది. ఆయన మంచి మనిషే, ఇస్త్రీ మడత చెడని మనిషి. వదిన ఆ చొక్కా చూసి తల ఊపింది కూడా. మా డిస్కుని తీసుకుని, అన్నీ వచ్చాయో లేదో చూసుకోవాలని తన లాప్‌టాప్‌కి తగిలించారు. దాని తెర మీద ఒక చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది.

“టైం పడుతుంది” అన్నారాయన మాతో, ఎంతో ఓపికగా. చేతులు ఒళ్ళో పెట్టుకుని దాని ముందు కూర్చున్నారు. అది అయిదు నిమిషాలు తిరిగింది, పది నిమిషాలు తిరిగింది. ఆయన ఒక్క మాట అనలేదు.

ఈలోగా సంచిలోంచి ఒక కాగితం తీశారు. డిస్కు ముట్టినట్టు రసీదట. టీచరమ్మ ఒకటి, మా తరఫున ఎవరైనా ఒకరు ఒకటి సంతకం చేయాలట. టీచరమ్మ ఒక్క చూపులో పైనుంచి కిందికి చూసి చేసేసింది. ఆమె చదువు అలాంటిది, రెప్ప వేసినంతలో అయిపోతుంది. కాగితం నా ముందుకొచ్చింది. దాని పక్కనే ఆయన ఇంకు ప్యాడు తెరిచి పెట్టారు.

“పెన్ను ఇవ్వండి బాబూ” అన్నాను.

“ఓహో, సంతకం వచ్చా? సరే, ఇక్కడ పెట్టండి అమ్మగారూ.”

“చదివి పెడతాను.”

“ఏం లేదండీ, మామూలు కాగితమే.”

నేను మొదటి వాక్యం మొదలుపెట్టాను. ఆయన గడియారం చూసుకున్నారు. రెండో వాక్యం దగ్గర మళ్ళీ చూసుకున్నారు. “పోనీ నేను చదివి వినిపించనా? త్వరగా అయిపోతుంది” అన్నారు. వద్దన్నాను. ఆయన పక్కన చక్రం ఇంకా తిరుగుతోంది. దాన్నెవరూ త్వరగా తిరగమనలేదు.

మూడో వాక్యంలో ఒక పొడుగు మాట తగిలింది. ‘అ’ తర్వాత ‘భ’, దాని కింద ‘య’ ఒత్తు, పక్కన సున్న. అభ్యం. తర్వాత ‘త’. తర్వాత ‘ర’. వేలు పెట్టి కూడుకున్నాను. మళ్ళీ మొదటినుంచి కూడుకున్నాను. మొత్తం వాక్యం ఇలా ఉంది: ‘తరగతిని నిలిపివేయడంపై మాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు.’

పైకి చదివాను. టీచరమ్మ మొహం పాలిపోయింది. “ఏదీ?” అంటూ కాగితం మీదకి వంగింది.

“అది ఫార్మాట్ అమ్మగారూ” అన్నారాయన. “అన్ని తరగతులకీ అదే కాగితం. అందరూ పెట్టిందే.”

“అందరూ తొందరగా చదివేవాళ్ళై ఉంటారు” అన్నాను.

‘ఎటువంటి’నీ చివరి ‘లేదు’నీ కొట్టేసి, ‘లేదు’ మీద ‘ఉంది’ అని రాశాను. రెండక్షరాలు. ఒత్తుల్లేవు, తప్పు పోయే అవకాశం లేదు. టీచరమ్మ తన సంతకం పక్కన అదే మాట రాసింది. కింద నా పేరు మొత్తం రాశాను, ఇంటిపేరుతో సహా. ఆయన ఆ కాగితం తీసుకుని చదివారు. ఈసారి ఆయన కూడా నెమ్మదిగానే చదివారు.

ఇది జరిగి అయిదు నెలలైంది. అభ్యంతరం ఉందంటే కారణాలు విచారించాలట. విచారించడానికి ముగ్గురు కూర్చోవాలట. ఆ ముగ్గురికీ ఒకే రోజు ఖాళీ కుదరాలట. అంతవరకు తరగతిని మూయడానికి లేదట. టీచరమ్మ ప్రతి నెలా ఫోన్ చేసి అడుగుతుంది. ఫైలు కదులుతోందండీ అంటారు. ఒక బల్ల మీంచి దాని పక్క బల్ల మీదకి వెళ్ళిందట. మా డిస్కులోని వీడియోలు ఇంకా ఎవరూ చూడలేదట. మేము మాత్రం వారానికొక పేజీ చదువుతూనే ఉన్నాం. మొన్న తాత పదమూడో పాఠంలోకి వచ్చాడు.

పందొమ్మిది మంది ముసలివాళ్ళు పేజీ చదవడానికి పది నిమిషాలు తీసుకుంటే అది మందకొడితనం. ఒక కాగితం పక్క బల్లకి చేరడానికి అయిదు నెలలు తీసుకుంటే అది పని. ప్రగతి మందకొడిగా ఉందని ఆ ఆఫీసుని మూసేద్దామని మాత్రం ఎవరూ అనడం లేదు.

అనొద్దు కూడా. అది అలాగే నడవడంపై మాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు.